మడత లోపలి రంగు

ఫోన్ మోగేసరికి నా పెదాల మధ్య గుండుసూదులున్నాయి. బల్ల మీద ఒక స్కూలు ప్యాంటు పరిచి, అంచు దగ్గర సుద్దతో గీత గీసి, మడత పెట్టి సూదులు గుచ్చుతున్నాను. పిల్లల బట్టలకు నేను అంచులో గుడ్డ ఎక్కువ వదులుతాను. ఏడాది తిరిగేసరికి పిల్ల పొడుగవుతుంది, అప్పుడు మడత విప్పి మళ్ళీ కుడితే బట్ట ఇంకో ఏడాది వస్తుంది. చుట్టుపక్కల తల్లులందరూ నా కొట్టుకే రావడానికి కారణం అదే. నా నోరు మంచిదని ఎవరూ రారు.

సూదులు తీసి ఫోన్ ఎత్తాను.

"అమ్మా, పిల్లల క్యాన్సర్ ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. నమూనాలు భద్రపరిచే విభాగం నుంచి" అంది ఒక ఆడపిల్ల గొంతు.

ఆ ఆసుపత్రి మాట వింటే ఇదివరకు చేతిలో పని పడేసేదాన్ని. ఇప్పుడు ఏమీ కాలేదు. "చెప్పు" అన్నాను.

"మీ పాపకి ఆపరేషన్ చేసినప్పుడు తీసిన గడ్డలో కొంత మా దగ్గర దాచడానికి ఒప్పుకున్నారు కదమ్మా. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ఫ్రీజర్లో పెట్టాం. పరిశోధన చేసేవాళ్ళు అడిగినప్పుడల్లా ఒక్కో ముక్క ఇస్తూ వచ్చాం. ఇప్పుడు ఒక్కటే మిగిలింది."

"అయితే?"

"చివరి ముక్క మాత్రం ఇంటివాళ్ళని అడక్కుండా ఇవ్వమమ్మా. అది మా దగ్గర పద్ధతి. మీరు ఇవ్వమంటే ఇస్తాం. వద్దంటే అలాగే ఉంచుతాం."

"ఎన్నాళ్ళు ఉంచుతారు?"

"ఉంచుతామమ్మా" అంది చివరికి.

ఆలోచించి చెబుతానని పెట్టేశాను. మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుని ప్యాంటు రెండో కాలు పూర్తి చేశాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. కుట్టు కూడా శుభ్రంగా వచ్చింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మాయి పోయి రెండేళ్ళు దాటింది. పదేళ్ళ పిల్ల, వయసుకు మించిన పొడుగు. వాళ్ళ నాన్న దాన్ని నిచ్చెన అని పిలిచేవాడు. దాంతో ఇంట్లో, వీధిలో, బళ్ళో కూడా అదే పేరు స్థిరపడింది. బీరువా మీద డబ్బా అందకపోతే "నిచ్చెనా, ఇలా రా" అని కేకేసేది మా అత్తయ్య. అది వచ్చి, డబ్బా దించి, "నిచ్చెన అద్దె ఇవ్వండి" అని చెయ్యి చాపేది. మోకాలు నొప్పి అంటే, ఎదిగే పిల్లలకి మామూలే అన్నారు అందరూ. మామూలు కాదు. మోకాలి పైన ఎముకలో గడ్డ. మందులు, ఆపరేషన్, మళ్ళీ మందులు, ఆ తర్వాత అది ఊపిరితిత్తులకి పాకడం. అంతే. ఇంతకన్నా వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు.

అది పోయిన రోజు నుంచి నాకు ఏడుపు రాలేదు. రాకపోతే నేనేం చెయ్యను? చుట్టాలు చాటుగా గుసగుసలాడారు. మా అత్తయ్యకి చాటు, మాటు తెలియవు కాబట్టి మొహం మీదే అంది. "ఒక్కసారి నోరారా ఏడ్చెయ్యవే తల్లీ. ఇంట్లో నా ఒక్కదాని ఏడుపే వినిపిస్తుంటే నాకే సిగ్గుగా ఉంది" అని. తిమ్మిరెక్కిన కాలిని గిల్లితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది నాకు. గిల్లుతున్నారని తెలుస్తుంది, నొప్పి తెలియదు. బట్టలు కుడతాను, వండుతాను, తింటాను, పడుకుంటే నిద్ర కూడా పడుతుంది.

సాయంత్రం భోజనాల దగ్గర ఫోన్ సంగతి చెప్పాను.

మా ఆయన బస్సు డ్రైవరు. టైమైతే బండి తీసెయ్యాలి, ఎవరో పరిగెత్తుకొస్తున్నారని ఆగితే కుదరదు. ఇంట్లో కూడా అంతే. "ఇచ్చేద్దాం" అన్నాడు ముద్ద నోట్లో ఉండగానే.

"ఆలోచించి చెబుతానన్నాను."

"ఆలోచించడానికేముంది? ఇంకెవరి పిల్లకైనా పనికొస్తుందేమో."

అత్తయ్య చేతిలో గ్లాసు కింద పెట్టింది. "నిచ్చెనది ఇంకా అక్కడ ఉందా?"

"నిచ్చెనది కాదత్తయ్యా. దాన్ని తిన్న గడ్డది. దాన్ని చల్లగా, భద్రంగా దాచిపెట్టారు" అన్నాను. ఆ మాట అంటుంటే నా ఒళ్ళు మండింది. ఈమధ్య నాకు సరిగ్గా వచ్చేది కోపం ఒక్కటే. బిడ్డ పోయింది, బిడ్డని మింగింది మాత్రం ఫ్రీజర్లో హాయిగా ఉంది. బాగానే ఉంది న్యాయం. "ఇచ్చెయ్యమనే చెబుతాను. కానీ ఫోన్లో కాదు, వెళ్ళి చెబుతాను. దాని అంతు నేను చూడాలి."

"సెలవు పెట్టి నేనూ వస్తాలే" అన్నాడు మా ఆయన.

"వద్దు. మీరొస్తే అక్కడ ఏడుస్తారు. మిమ్మల్ని ఓదారుస్తూ నేను కూర్చోవాలి."

ఆయన కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

నమూనాల విభాగం ఆసుపత్రి వెనకవైపు, నేల కింది అంతస్తులో ఉంది. వార్డులున్న వైపు వెళ్ళక్కర్లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. పొడవాటి నడవ, అటూ ఇటూ మనిషెత్తు ఉక్కు ఫ్రీజర్లు, ఒక్కోదాని నుదుట ఎర్ర అంకెలు. అన్నీ కలిసి ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. గోడకి మోచేతుల దాకా వచ్చే లావుపాటి తొడుగులు వేలాడుతున్నాయి. ఫోన్ చేసిన అమ్మాయి ఎదురొచ్చింది. బక్కపల్చటి పిల్ల. బయట ఎండ మాడ్చేస్తున్నా, ఊలు స్వెట్టర్ వేసుకుని ఉంది. స్వెట్టర్ భుజం దగ్గర కుట్టు వదిలింది. మనుషుల్లో నాకు ముందు కనిపించేవి అవే.

చిన్న గదిలో కూర్చోబెట్టింది. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద కళ్ళు తుడుచుకోడానికి కాగితపు రుమాళ్ళ పెట్టె. ఆ పెట్టెని పక్కకి జరిపాను.

"లోపల దేని మీదా పేర్లుండవమ్మా, నంబర్లే ఉంటాయి. నాకు కూడా మీతో మాట్లాడాలి కాబట్టి ఇది మీ పాపదని తెలిసింది" అంది.

"తీసుకోండి. మొత్తం తీసుకోండి. ముక్కలు చేస్తారో, విషం పోస్తారో మీ ఇష్టం. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు."

నా మాటతీరుకి ఆ పిల్ల బెదరలేదు. రోజూ ఎన్ని తిట్లు తింటోందో మరి. "చాలా థాంక్సమ్మా. మందులు వాడాక కూడా చావని గడ్డలు మా దగ్గర తక్కువ. అందుకే ఈ పరిశోధనకి మీ పాపదే కావాలని అడిగారు. అందులో ఏం చెడిపోయి అది మొండికేసిందో పట్టుకుంటే, దానికి తగిన మందు వెతకొచ్చు. గడ్డ ముక్క ఉన్న గొట్టంతో పాటు రెండో గొట్టం కూడా ఇస్తాం."

"రెండో గొట్టమేంటి?"

"రక్తం అమ్మా. మొదటి రోజు తీసింది, ఏ మందూ మొదలుపెట్టకముందు. దానిలో కూడా ఇదే చివరి గొట్టం."

ఆ మొదటి రోజు నాకు గుర్తుంది. కుడి చేతికి రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. నిచ్చెన ఏడవలేదు సరికదా, నర్సుకి సలహా ఇచ్చింది. "ఆంటీ, ఎడమ చెయ్యి చూడండి. అది బుద్ధిమంతురాలు, కుడిది మొండిది" అంది. ఎడమ చేతికి ఒక్క పోటుకే దొరికింది. గొట్టం నిండుతుంటే కళ్ళార్పకుండా చూసి, "నాక్కూడా కొంచెం ఉంచండి" అంది. నర్సు పకపకా నవ్వింది. ఆ తర్వాత ఎవరు సూది పట్టుకుని వచ్చినా, వాళ్ళు నోరు తెరిచేలోపే నేను చెప్పేదాన్ని. "ఎడమ చెయ్యి. కుడి చేతికి నరం దొరకదు." కొత్త నర్సులకి చెప్పాను, పాత నర్సులకీ చెప్పాను. మగతలో ఉన్నప్పుడు కూడా నా గొంతు విని అదే ఎడమ చెయ్యి చాపేది. వార్డులో నాకు ఎడమ చెయ్యమ్మ అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది.

ఆ రోజు అది తన కాళ్ళ మీద తను నడిచి వచ్చింది. నడుం దాకా జడ. బుగ్గలు బుగ్గల్లాగే ఉన్నాయి. ఆ పిల్ల ఒంట్లోంచి తీసిన రక్తం ఈ గోడ అవతల ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఒప్పుకున్న రోజు చెప్పే ఉంటారు, నా చెవికెక్కి ఉండదు.

"గడ్డ తీసుకో" అన్నాను. "రక్తం ఇవ్వను."

"రెండూ కలిపి లేకపోతే లాభం లేదమ్మా. గడ్డ చెడినా రక్తం చెడలేదు. ఏది చెడిందో తెలియాలంటే, చెడకముందు ఎలా ఉందో పక్కన పెట్టి చూడాలి. ఒక్కో మనిషిది ఒక్కోలా ఉంటుంది కదా, ఇంకొకరిది పనికిరాదు."

"అయితే రెండూ వద్దు."

"సరేనమ్మా" అంది. బతిమాలితే నాలుగు దులిపి, మనసు తేలిక చేసుకుని వచ్చేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. "పరిశోధనవాళ్ళు ఇంకో వారం చూస్తారు. మీ మనసు మారితే ఫోన్ చెయ్యండి. మారకపోయినా ఫర్వాలేదు" అని మెట్ల దాకా వచ్చి దింపింది.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర చెబితే మా ఆయన ముద్ద కలపడం ఆపేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నాలుగు చుక్కల రక్తం ఫ్రీజర్లో పెట్టుకుని ఏం చేస్తావే?"

"ఏం చెయ్యను. ఉంటుంది."

"ఎవరికి?"

"నాకు."

"వేరే పిల్లలు..."

"వేరే పిల్లల తల్లులు వేరే ఉన్నారు."

ఆయన లేచి చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నేను అన్నది తప్పుడు మాటే. తెలిసే అన్నాను, అన్నాక కూడా ఏమీ అనిపించలేదు. అత్తయ్య మాత్రం నా దగ్గరికి జరిగి, "ఇవ్వకు. ఉండనీ. ఎక్కడో ఒకచోట ఉందనుకుంటే నాకూ బాగుంటుంది" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నా పక్షం చేరడం ఇదే మొదలు. నేనేమైనా పొరపాటు చేస్తున్నానా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

రెండు రోజులు మామూలుగా గడిచాయి. మూడో రోజు పక్కవీధి మాస్టారు కొట్టుకి వచ్చారు. లెక్కల మాస్టారు, రిటైరయ్యారు, భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. చంకలో ఒక పాత కోటు. మోచేతుల దగ్గర జల్లెడైపోయింది.

"దీని పని అయిపోయిందమ్మా. అచ్చం ఇలాంటిదే ఇంకోటి కుట్టిపెట్టాలి. ఇదే కొలత, ఇదే రంగు. తేడా రాకూడదు" అన్నారు.

"ఏ రంగు మాస్టారూ?"

"కనిపిస్తోందిగా. బూడిద రంగు."

నేను కోటు తిరగేసి, కింద అంచు దగ్గర రెండు కుట్లు తెంపి, మడత విప్పాను. రంగు చూడమంటే నేను ఎప్పుడూ చేసే పనే అది. పైన కనిపించేది అసలు రంగు కాదు. ఎండా, చెమటా, చాకిరేవూ తినగా మిగిలింది. మడత లోపలి గుడ్డ ఇవేవీ చూడదు. గుడ్డ చెడిందని ఎవరు గొడవకి వచ్చినా, ముందు మడత విప్పి రెండూ పక్కపక్కన పెడతాను. ఎండకి వెలిసిందా, ఉతుకులో పోయిందా, అసలు నూలే నాసిరకమా అన్నది అప్పుడు గానీ తెలియదు.

లోపల ముదురు నీలం రంగు. ఇవాళే కొట్లోంచి తెచ్చినట్టుంది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వంగారు. "ఇది నా కోటేనా?"

"మీదే."

"ఆవిడ ఉన్నప్పుడు కొన్నది" అన్నారు కాసేపటికి. "నీలమే అయ్యుంటుంది. తను నీలమే కొంటుంది. చూసి చూసి నాకు ఇదే దీని రంగని అలవాటైపోయింది." వేలితో ఆ నీలాన్ని ఒకసారి తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఏ రంగు కుట్టమంటారు?"

"రేపొచ్చి చెబుతానమ్మా" అని కోటు అక్కడే వదిలేసి వెళ్ళారు.

నేను ఆ మడత పట్టుకుని నిలబడ్డాను. ఏది చెడిందో తెలియాలంటే, చెడకముందు ఎలా ఉందో పక్కన పెట్టి చూడాలి. ఆ స్వెట్టర్ పిల్ల నాకు కొత్తగా చెప్పిందేమీ లేదు. కుట్టుమిషను ముందు కూర్చున్న నాటి నుంచీ వచ్చినవాళ్ళందరికీ నేను చెబుతున్న మాటే అది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మాస్టారి మీద కాదు, కోటు మీద కాదు.

కళ్ళు మూసుకుంటే నాకు నిచ్చెన ఎలా కనిపిస్తుందో ఎవరికీ చెప్పలేదు. జుట్టు లేకుండా, మొహం ఉబ్బి, పెదాలు పగిలి, మంచం మీద సగానికి ముడుచుకుని కనిపిస్తుంది. ఎంత తన్నుకున్నా అంతకుముందటి పిల్ల రాదు. జడ గుర్తుంది, జడ వేసుకున్న మొహం గుర్తుకు రాదు. చూసి చూసి ఇదే దాని రంగని నాకూ అలవాటైపోయింది. ఆ అసలు పిల్ల గొట్టంలో ఉందనుకుని పట్టుకు వేలాడుతున్నాను. గొట్టంలో ఉన్నదాన్ని నేను ఎలాగూ చూడలేను. చూడటం తెలిసినవాళ్ళు వేరే ఉన్నారు. నేను మడత వదిలేది దాచిపెట్టడానికి కాదు, అవసరమైన రోజు విప్పడానికి. ఈ కొట్టులో అది తెలియని మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను.

ఫోన్ తీసి ఆ అమ్మాయికి చేశాను. "రెండూ ఇస్తాను. కానీ ఫ్రీజర్లోంచి తీసేటప్పుడు నేను అక్కడ ఉండాలి."

"మామూలుగా ఎవరినీ లోపలికి రానివ్వరమ్మా."

"అడుగు."

అడిగింది. గుమ్మం దగ్గర నిలబడాలి, ఏదీ తాకకూడదు అని చెప్పి రమ్మన్నారు.

ఇంట్లో చెబితే అత్తయ్య మొహం తిప్పుకుని పడుకుంది. మా ఆయన మాత్రం వాళ్ళు రమ్మన్న రోజు సెలవు పెట్టి, ఆసుపత్రి గేటు దాకా వచ్చాడు. లోపలికి రానన్నాడు. ఆయన్ని అక్కడ సిమెంటు బల్ల మీద వదిలి నేనొక్కదాన్నే మెట్లు దిగాను.

తొడుగులు వేసుకున్న ఒక పెద్దాయన ఫ్రీజర్ తలుపు తెరిచాడు. తెల్లటి ఆవిరి నేల మీదికి దిగి నా చెప్పుల దాకా వచ్చింది. ఆయన ఒక అర లాగి, అందులోంచి ఒక పెట్టె తీసి, నంబరు పైకి చదివాడు. స్వెట్టర్ అమ్మాయి తన దగ్గరున్న నంబరు చదివింది. రెండూ కలిశాయి. పటకారుతో రెండు గొట్టాలు తీసి, పొగలు కక్కే మంచుముక్కలున్న థర్మకోల్ పెట్టెలో దించాడు. నా మిషనులో దారం చుట్టే బాబిన్ అంత లావు లేవు ఒక్కోటి. దాని అంతు చూస్తానని పళ్ళు నూరుకుంటూ బయల్దేరినదాన్ని. తీరా చూస్తే రెండూ మంచుపట్టి తెల్లగా, ఒకేలా ఉన్నాయి. ఏది నా పిల్లో, ఏది దాన్ని తిన్నదో తెలియలేదు. అడగలేదు కూడా.

ల్యాబు పైన మూడో అంతస్తులో. పెట్టెకి రెండువైపులా పట్టీలున్నాయి. అమ్మాయి ఒక పట్టీ పట్టుకుంది.

"రెండోది నేను పట్టుకోనా?"

ఆ పిల్ల పెద్దాయన వైపు చూసింది. ఆయన మాకు వీపు తిప్పి, మూసేసిన ఫ్రీజర్ తలుపునే మళ్ళీ మళ్ళీ నొక్కి చూసుకుంటున్నాడు. నేను పట్టీ అందుకున్నాను.

ఇద్దరం లిఫ్టు ఎక్కాం. పెట్టెకి బరువే లేదు. అమ్మాయి భుజం దగ్గర వదిలిన కుట్టు నా కంటి ముందే ఉంది. "ఆ స్వెట్టర్ ఒకసారి నా కొట్టుకి తీసుకురా" అన్నాను. "అలాగేనమ్మా" అంది.

మూడో అంతస్తులో గాజు తలుపు తెరుచుకుని, తెల్లకోటు వేసుకున్న ఒకావిడ బయటికి వచ్చింది. తల సగం నెరిసింది. నేనెవరో ఆవిడకి చెప్పినట్టున్నారు, మొహంలో తెలిసిపోతోంది. చేతులకి పల్చటి రబ్బరు తొడుగులున్నాయి. రెండు చేతులూ చాపింది. అమ్మాయి తన పట్టీ వదిలేసింది. నేను వదలాలి.

నా కళ్ళు ఆ తొడుగుల మీదే ఉన్నాయి. నేను అనుకోకుండానే నా నోరు తెరుచుకుంది.

"ఎడమ చెయ్యి" అన్నాను. "కుడి చేతికి నరం దొరకదు."

ఆవిడకి అర్థం కాలేదు. అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి నేలకేసి చూస్తోంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. పట్టీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆవిడ ఒకడుగు ముందుకేసి, పెట్టె కింద రెండు చేతులూ పెట్టి, దాని బరువు తనే తీసుకుంది.

"ఎడమ చెయ్యి" అంది. "అలాగేనమ్మా."